ఒమకాసె సుషీ కౌంటర్: బుకింగ్ నుంచి బిల్లు దాకా

జపాన్‌లో సంప్రదాయ సుషీ కౌంటర్ అంటే ఎనిమిదో పదో కుర్చీలు, వాటి ముందు పొడవాటి చెక్క బల్ల, ఆ బల్లకు అవతల కత్తి పట్టుకుని నిలబడ్డ పెద్దాయన. ఆయన్ని తైషో అంటారు. మెనూ ఉండదు. ఆ రోజు ఏ చేప బాగుందో, ఏది ముందు పెట్టాలో, ఏది ఆఖర్న పెట్టాలో అంతా ఆయనే చూసుకుంటారు. ఇలా తినే పద్ధతే ఒమకాసె.

అక్కడ పాటించాల్సిన మర్యాదలు చాంతాడంత ఉంటాయని విని చాలామంది ముందే బెదిరిపోతారు. గుర్తుపెట్టుకోవాల్సింది నిజానికి ఒకటే. ప్రతి ముక్కనూ చేసిన ఆ క్షణాన, ఆ వేడిలో, ఆ వాసనతో తినేయాలనే చేస్తారు. మిగతా నియమాల్లో ముప్పాతిక వంతు దాన్నుంచి పుట్టినవే.

ఏ కొట్టు, ఎంత ఖర్చు

టోక్యోలో మంచి కౌంటర్‌లో మధ్యాహ్నం భోజనం సుమారు 10,000 నుంచి 15,000 యెన్‌ల దాకా ఉంటుంది. రాత్రికి 20,000 నుంచి 40,000. గింజా అనే ఖరీదైన పేటలో పేరున్న చోట ఇంకా పైకి పోతుంది. రూపాయల్లో కావాలంటే యెన్ అంకెను సగం చేసి, దానిమీద కాస్త కలుపుకోండి.

మధ్యాహ్నం ఎక్కువగా నిగిరి మాత్రమే పెడతారు. నిగిరి అంటే చేత్తో ఒత్తిన అన్నం మీద చేప ముక్క. పది పన్నెండు ముక్కలు వస్తాయి, గంటలో అయిపోతుంది. రాత్రి అయితే ముందు త్సుమామి పేరుతో ఐదారు చిన్న వంటకాలు వస్తాయి: ఆవిరి మీద ఉడికించినవి, కాల్చినవి, ఉత్త చేప ముక్కలు. తర్వాత నిగిరి. మొత్తం రెండు గంటలు పడుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు మధ్యాహ్నమే ఎంచుకోవడం మంచిది. డబ్బు తక్కువ, మందు తాగే ఒత్తిడి లేదు, పైగా అసలు వచ్చింది నిగిరి కోసమే కదా.

పేరు మోసిన కొట్టే కావాలని పట్టుపట్టకండి. సుకియబాషి జిరో అనే ప్రసిద్ధ సుషీ కొట్టుకు గింజాలో ఉన్న శాఖను, రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ టోక్యో గైడ్ 2019 నవంబరులో జాబితా నుంచి తీసేసింది. రుచి తగ్గిందని కాదు, మామూలు జనం అక్కడ బుక్ చేసుకునే వీలే లేదని. అలాంటి చోట్ల కుర్చీ కోసం నెలల తరబడి ప్రయత్నించే ఓపికతో, అంతగా పేరు వినిపించని ఇంకో రెండు కౌంటర్లలో హాయిగా తినొచ్చు.

ఏ రోజు వెళ్లాలన్నదీ చూసుకోండి. టోక్యో చేపల టోకు బజారు 2018 అక్టోబరులో త్సుకిజి నుంచి తొయోసుకు మారింది. ఆదివారాలు, చాలా బుధవారాలు దానికి సెలవు, కాబట్టి సుషీ కొట్లు కూడా ఎక్కువగా అప్పుడే మూస్తారు. అలాగని బజారు లేని రోజు తెరిచిన కొట్టులో పాత చేప అంటగడతారని కాదు. ఇప్పుడే పట్టిన చేపే గొప్పదన్న మన లెక్క ఇక్కడ పనిచేయదు. టోక్యోకు ‘ఎదో’ అనే పాత పేరున్న రోజుల్లో పుట్టిన ఈ పద్ధతిలో చేపకు ఉప్పు పట్టించడం, వెనిగర్‌లో ముంచడం, సోయాలో నానబెట్టడమే అసలు పని. ట్యూనాను రోజుల తరబడి చల్లగా దాచి ఊరనిస్తారు. పట్టిన రోజు దాని కండ గట్టిగా ఉంటుంది, రుచి ఇంకా పూర్తిగా పైకి తేలదు.

బుకింగ్

చిన్న కొట్లలో ఫోన్ ఎత్తేవాళ్లకు ఇంగ్లిష్ రాకపోవచ్చు. ఒమకాసె, టేబుల్‌చెక్, పాకెట్ కన్సియర్జ్ లాంటి సైట్లు ఉన్నాయి, వాటిలో ఇంగ్లిష్‌లోనే పని జరిగిపోతుంది. మంచి హోటల్లో దిగుతుంటే అక్కడి కన్సియర్జ్‌ని, అంటే అతిథులకు బుకింగ్‌లు చేసిపెట్టే ఉద్యోగిని, అడగండి. కొన్ని కొట్లు పరిచయం లేని విదేశీయులకు హోటల్ ద్వారా తప్ప కుర్చీ ఇవ్వవు.

ఒక్కరు గానీ ఇద్దరు గానీ అయితే దొరకడం తేలిక. నలుగురు దాటితే కష్టం, ఎందుకంటే మీ ఒక్క బృందమే సగం కౌంటర్ ఆక్రమిస్తుంది. చిన్నపిల్లల్ని చాలా చోట్ల రానివ్వరు. కార్డు నంబరు ముందే తీసుకుంటారు. ఆ రోజు మానేసినా, చెప్పకుండా రాకపోయినా చాలా కొట్లు పూర్తి మొత్తం వసూలు చేస్తాయి. ఇందులో అన్యాయమేమీ లేదు. ఎనిమిది కుర్చీల కొట్టులో ఇద్దరు రాకపోతే ఆ పూట అమ్మకంలో పావు వంతు పోయినట్టే, పైగా మీ కోసం కోసిన చేప మర్నాటికి పనికిరాదు.

తినకూడనివి, పడనివి బుకింగ్ అప్పుడే రాయాలి. కుర్చీలో కూర్చున్నాక చెబితే తైషో చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. ‘రొయ్యలు పడవు’, ‘గవ్వ జాతి తినను’ లాంటి ఒకటి రెండు మినహాయింపులకు ఏ ఇబ్బందీ లేదు. ‘పచ్చి చేప తినను’ అన్నారంటే మాత్రం ఇక ఆ కౌంటర్‌కు వెళ్లి లాభం లేదు.

మనవాళ్లు ముఖ్యంగా గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. శాకాహారులకు ఇది చోటు కాదు. గుడ్డు ముక్కలో రొయ్యో చేపో రుబ్బి కలుపుతారు, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్ మరిగేది ఎండు చేప తురుముతో కాచిన నీళ్లలో. కూరగాయలతో చుట్టిన రోల్ ఇచ్చినా అందులోని ఎండు సొరకాయ పీలికల్ని కూడా అలాంటి నీళ్లలోనే ఉడికించి ఉండొచ్చు. తోడుగా వచ్చి కూర్చుంటాను, తినను అంటే ఒప్పుకోరు. కుర్చీకి ఒక పూర్తి భోజనం లెక్క. బీఫ్ సంప్రదాయ కౌంటర్‌లో రాదు, కానీ కొత్త రకం కొట్లలో వాగ్యు ముక్క పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి వద్దని రాసేయండి. చేప మీద రాసే సాస్‌లో సాకే అనే బియ్యపు మద్యం, మిరిన్ అనే తియ్యటి వంట మద్యం పడతాయి. మరిగించి మద్యం పోగొట్టినా, మతరీత్యా పట్టింపు ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, గ్లూటెన్ పడనివాళ్లకు ఇది పెద్ద చిక్కు.

పచ్చి చేపలో అనిసాకిస్ అనే పురుగు ఉండే అవకాశం ఉంది. వసాబి అనే ఘాటైన ఆకుపచ్చ ముద్ద, వెనిగర్, సోయా దాన్ని చంపవు. మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టిస్తేనో, బాగా ఉడికిస్తేనో చస్తుంది. అనుభవమున్న చేయి చేపను కోసేటప్పుడే చూసి ఏరేస్తుంది కాబట్టి మంచి కొట్లలో ఇది అరుదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వెళ్లొద్దు.

ఆ రోజు

సెంటు వద్దు, అత్తరు వద్దు, గాఢమైన వాసన వచ్చే హెయిర్ ఆయిల్ కూడా వద్దు. కొప్పులో మల్లెపూలు సైతం అక్కడ ఇబ్బందే. బీరువాలోంచి నేరుగా తీసి కట్టుకున్న పట్టుచీర కలరా ఉండల వాసన కొడుతుంటే ముందు రోజే గాలికి ఆరేయండి. తెల్ల చేప వాసన చాలా సన్నగా ఉంటుంది, అడుగున్నర దూరంలో కూర్చున్న పక్కవాళ్ల సెంటు దాన్ని పూర్తిగా మింగేస్తుంది. కొన్ని కొట్లు సెంటు పూసుకొచ్చినవాళ్లను లోపలికి రానివ్వమని బుకింగ్ పేజీలోనే రాస్తాయి. సూటు అక్కర్లేదు. నిక్కరు, రబ్బరు చెప్పులు తప్ప శుభ్రమైన బట్టలు ఏవైనా సరే.

ఐదు నిమిషాలు ముందు చేరితే చాలు. ఇరవై నిమిషాలు ముందు వెళ్తే కూర్చోబెట్టడానికి చోటుండదు. ఆలస్యం మాత్రం అసలు పనికిరాదు. చాలా కౌంటర్లలో సాయంత్రం 6కీ, రాత్రి 8:30కీ అన్నట్టుగా అందరికీ ఒకేసారి మొదలుపెడతారు. అన్నం ఆ సమయానికి తగ్గట్టు వండి, వెనిగర్ కలిపి, ఒంటి వేడికి రానిచ్చి ఉంచుతారు. మీరు పావుగంట ఆలస్యమైతే మిగతా ఏడుగురు ఆగాలి, లేదా మీకు రావాల్సిన మొదటి రెండు మూడు వంటకాలు పోతాయి. గింజా భవనాల్లో కొట్టు ఏ నాలుగో అంతస్తులోనో, చిన్న బోర్డుతో, ఒక్కోసారి బోర్డే లేకుండా ఉంటుంది. వెతకడానికి పదిహేను నిమిషాలు కేటాయించుకుని బయల్దేరండి.

కూర్చున్నాక ముందు చేతులకున్న ఉంగరాలు, వాచీ, గాజులు తీసి లోపల పెట్టండి. ఆ బల్ల ఎక్కువగా హినోకి అనే సైప్రస్ చెక్కది, పాలిష్ ఉండదు, మెత్తన. మెటల్ గాజు ఒరిస్తే గీత పడుతుంది, దాన్ని పోగొట్టాలంటే చెక్కను చిత్రిక పట్టాల్సిందే. అదే కారణంతో ఫోన్, కళ్లజోడు పెట్టె, తాళాలు బల్ల మీద పెట్టకూడదు. తడి తువ్వాలు ఇస్తారు, అది చేతులు తుడుచుకోవడానికే. మొహానికీ మెడకీ వద్దు.

తాగడానికి ఏం కావాలని అడుగుతారు. మద్యం తాగని వాళ్లు ‘ఒచా’ అంటే వేడి గ్రీన్ టీ వస్తుంది, దానికి డబ్బులుండవు. రాత్రి పూట కనీసం ఒక డ్రింక్ తీసుకోవాలని కొన్ని కొట్లు ఆశిస్తాయి. అప్పుడు ఊలాంగ్ టీ అడిగినా సరిపోతుంది. సాకే కూడా మీ ఇష్టం అని వదిలేస్తే గ్లాసు వెంట గ్లాసు వస్తూనే ఉంటుంది, బిల్లు భోజనానికి సమానం కావచ్చు. ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు. ఎన్ని కావాలో ముందే చెప్పండి.

తినడం

తైషో ఒక చేత్తో అన్నం తీసుకుంటారు, పది నుంచి పదిహేను గ్రాములు. రెండో చేత్తో చేప ముక్క, దానికి వేలితో వసాబి. నాలుగైదు కదలికల్లో ఒత్తి, మీ ముందున్న పలక మీద పెట్టి, పైన బ్రష్‌తో సన్నగా సాస్ పూస్తారు. ఇది సోయాలో సాకే, మిరిన్ కలిపి మరిగించినది, నికిరి అంటారు. ఆ అన్నాన్ని గట్టిగా నొక్కరు. బయట పట్టు, లోపల గాలి. మంచి నిగిరిని పలక మీద పెట్టగానే కళ్లు పెట్టి చూడండి: తన బరువుకు తానే వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. ఆ దశలో నోట్లో వేసుకుంటే నాలుక మీద గింజగింజగా విడిపోతుంది. నిమిషం ఆగితే అన్నం చల్లారి ముద్ద కడుతుంది, చేప అంచు ఆరుతుంది, నికిరి కిందికి జారుతుంది. పెనం మీంచి దించిన దోసెను ఫోన్ మాట్లాడుతూ వదిలేస్తే ఏమవుతుందో ఇదీ అంతే. పెట్టిన పది సెకన్లలో తినేయాలని లెక్క పెట్టుకోండి.

చేత్తో తినొచ్చా అంటే నిక్షేపంగా. చేతివేళ్లు తుడుచుకోవడానికి చిన్న తడిబట్ట కూడా పెడతారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలుతో పక్కల నుంచి పట్టి, కొద్దిగా పక్కకు వాల్చి, చేప నాలుక మీదికి వచ్చేలా ఒకేసారి నోట్లో పెట్టుకోండి. చాప్‌స్టిక్స్ అలవాటు లేనివాళ్లు వాటితో కుస్తీ పడితే మెత్తగా ఒత్తిన అన్నం విరిగి రాలిపోతుంది. ఎడమ చెయ్యి వాడినా అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. మీరు ఏ చేత్తో తింటున్నారో చూసి చాలామంది తైషోలు ముక్కను ఆ చేతికి అనువుగా వాల్చి పెడతారు, కాబట్టి చేతులు మార్చకుండా ఉంటే చాలు.

సగం కొరికి సగం కింద పెట్టకండి. కొరికిన సగం పలక మీద కూలిపోతుంది. నోటికి పెద్దదనిపిస్తే తర్వాతి ముక్కకు ‘షారి సుకునామె దె’ అనండి. అన్నం తగ్గించమని అర్థం, అదేం చిన్నతనం కాదు. పన్నెండో ముక్క దాకా రావాలనుకునే జపాన్ వాళ్లూ అలాగే అడుగుతారు. అన్నం వదిలేసి చేప ఒక్కటే తినడం మాత్రం చాలా తప్పు. సుషీలో తైషో సగం కష్టం ఆ అన్నంలోనే ఉంది. వసాబి ఎక్కువైతే ‘వసాబి సుకునామె దె’ అనాలి. అసలు వద్దంటే ‘సబి నుకి దె’.

అన్నం లేత గోధుమ రంగులో కనిపిస్తే కంగారు పడకండి. సాకే పిండగా మిగిలిన పిప్పితో తయారయ్యే ఎర్ర వెనిగర్ కలిపితే ఆ రంగు వస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో ఎదో నగరపు వీధి బండ్ల మీద సుషీ పుంజుకున్నది ఈ వెనిగర్‌తోనే. మధ్యలో తెల్ల వెనిగర్ వాడకం పెరిగింది, ఇప్పుడు మళ్లీ చాలా కొట్లు ఎరుపు వైపు తిరిగాయి. పులుపు, ఉప్పు మనం ఊహించిన దానికంటే ఎక్కువగా తగులుతాయి. కొవ్వు పట్టిన ట్యూనాకు ఆ ఘాటు సరిపోతుంది.

సోయాలో ముంచుకోవాలా? నికిరి పూశాక అక్కర్లేదు. సోయా గిన్నె పెట్టారంటే అది త్సుమామిలో వచ్చే ఉత్త చేప ముక్కలకు. పూయకుండా పెట్టిన చోట మాత్రం చేప అంచును తాకించండి, అన్నాన్ని కాదు, ఎందుకంటే అన్నం సోయా పీల్చుకుని విడిపోతుంది. వసాబిని సోయాలో కలిపి పేస్టు చేయడం ఈ కౌంటర్‌లో వద్దు. అల్లం ముక్కలు నోరు శుభ్రం చేసుకోవడానికి, ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య ఒకటి రెండు చాలు. నిగిరి మీద పెట్టుకుంటే అల్లం తప్ప ఇంకేమీ తెలియదు.

వరస కొట్టుకో రకంగా ఉంటుంది. తాయ్, హిరామె లాంటి తెల్ల చేపలు, స్క్విడ్‌తో మొదలుపెట్టి, వెండి చర్మం చేపల మీదుగా ట్యూనాకు వెళ్లడం మామూలు. ట్యూనాలో ఎర్ర కండ, మధ్య కొవ్వు, పూర్తి కొవ్వు వరసగా వస్తాయి. తర్వాత ఉడికించిన రొయ్య, సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి, గవ్వ జాతి, చివర్లో చిక్కటి తియ్యని సాస్ పూసిన అనగో అనే సముద్రపు ఈల్, గుడ్డు, రోల్, మిసో సూప్. శరదృతువులో సాల్మన్ గుడ్లు, చలికాలంలో బురి అనే చేప, మగ కాడ్ చేప వీర్యకోశం వస్తాయి. ఆఖరిది తెల్లగా, మెదడు మడతల్లా ఉంటుంది. తినలేమనిపిస్తే బుకింగ్‌లోనే ‘షిరాకొ వద్దు’ అని రాసేయొచ్చు.

కొవ్వు ట్యూనా కోసమే చాలామంది ఎదురుచూస్తారు గానీ, తైషో చేయి ఎలాంటిదో తెలియాలంటే కొహాదాను చూడండి. అరచేతిలో పట్టేంత, వెండి రంగు మీద నల్ల చుక్కలున్న చవక చేప. దాన్ని చీల్చి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ముంచి, ఊరనిస్తారు. ఉప్పు ఎన్ని నిమిషాలు, వెనిగర్ ఎన్ని నిమిషాలు అన్నది చేప సైజును, దాని కొవ్వును, ఆ రోజు ఎండను బట్టి మారుతుంది. తక్కువైతే నీచు, ఎక్కువైతే పచ్చడి. కుదిరితే ఉప్పు, పులుపు, చేప కొవ్వు మూడూ ఒకదాని వెంట ఒకటి తెలుస్తాయి. వేసవిలో దీని పిల్లలు షింకొ పేరుతో వస్తాయి, ఒక్కో నిగిరికి రెండు మూడు పడతాయి. ధర మాత్రం పెద్దవాటికి అనేక రెట్లు.

నోరి అనే ఎండు సముద్రపు నాచు రేకు చుట్టినవి ఇంకా తొందరగా తినాలి. కరకరలాడే నోరి తడి అన్నానికి తగలగానే మెత్తబడటం మొదలవుతుంది. కొన్నిసార్లు తైషో రోల్‌ను పలక మీద పెట్టకుండా చేతికే అందిస్తారు. చెయ్యి చాపి అందుకుని నేరుగా నోట్లో పెట్టుకోండి. దాన్ని ఫొటో కోసం కింద పెట్టకండి.

ఫొటోల సంగతి: ముందు ‘షాషిన్ ఈ దెస్ కా’ అని అడగాలి. సరే అంటే మీ పలక మీది ముక్కను ఒక్కసారి, ఫ్లాష్ లేకుండా తీయండి. వీడియో, తైషో మొహం, పక్కవాళ్లు వద్దు. మూడు కోణాల్లో తీసేలోగా అన్నం పాడైపోతుంది. ఆయన ఏమీ అనరు గానీ తర్వాతి ముక్క మొదలుపెట్టకుండా ఆగుతారు, దాంతో కౌంటర్ మొత్తం ఆగుతుంది. టాయిలెట్‌కు వెళ్లాలన్నా త్సుమామి అయి నిగిరి మొదలయ్యే ముందు వెళ్లండి.

చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలబెట్టడం, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి వాటికి తిండి అందించడం అక్కడ చావు కర్మలకు సంబంధించినవి, పొరపాటున కూడా చేయొద్దు.

మాట్లాడొచ్చు, మౌనవ్రతం కాదు. ‘ఇది ఏ చేప, ఎక్కడిది’ అంటే తైషోలు ఇష్టంగా చెబుతారు. కత్తి చేతిలో కదులుతున్నప్పుడు కాక, పెట్టాక అడగండి. సుషీ కొట్ల లోపలి పరిభాష కొంత ఉంది. టీని అగరి, సోయాను మురసాకి, బిల్లును ఒఆయ్‌సొ అంటారు. ఇవి పనివాళ్లు వాళ్లలో వాళ్లు వాడుకునే మాటలు, వచ్చినవాళ్లు అనడం బాగోదు.

ముగిసేటప్పుడు

గుడ్డు ముక్క వచ్చిందంటే ఒడ్డుకు చేరినట్టే. తైషో ఇంతటితో అయిందని చెప్పి, ఇంకేమైనా కావాలా అని అడుగుతారు. ఇక్కడి నుంచి తినేదానికి బిల్లు విడిగా పడుతుంది. నచ్చిన ముక్క మళ్లీ అడగొచ్చు, ఈ రోజు పెట్టనిది ఏదైనా ఉందా అనీ అడగొచ్చు. మామూలు చేప ఒక్కోటి వెయ్యి యెన్‌ల దరిదాపు, సీ అర్చిన్, కొవ్వు ట్యూనా అంతకంటే బాగా ఎక్కువ. కడుపు నిండితే వద్దనడంలో తప్పేమీ లేదు.

బిల్లు కోసం ‘ఒకాయ్‌కేయ్ ఒనెగాయ్‌షిమస్’ అనండి. బుకింగ్ పేజీలో చూసిన ధర మీద సర్వీస్ ఛార్జీ, 10 శాతం పన్ను కలవొచ్చు. ఉదాహరణకు 25,000 యెన్‌ల భోజనానికి 10 శాతం సర్వీస్ కలిపితే 27,500, దాని మీద పన్నుతో 30,250, ఆపైన డ్రింక్స్. కార్డు తీసుకోని కొట్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. టిప్ ఇవ్వకూడదు. బల్ల మీద వదిలేస్తే మర్చిపోయారనుకుని వీధిలోకి వచ్చి మరీ తిరిగిస్తారు.

లేచేటప్పుడు తైషో వైపు చూసి ‘గొచిసోసమా దెష్త’ అని తల వంచితే సరిపోతుంది. టీ తాగాక కబుర్లతో కూర్చుండిపోకండి. మీది 6 గంటల కుర్చీ అయితే, 8:30 వాళ్లు రాకముందే బల్ల తుడిచి, కొత్త అన్నం కలుపుకోవాలి వాళ్లు.